కల్లుప్పు మీద కేకు

మూడేళ్ళ కిందట డిసెంబరులో మా ఇంట్లో నూనె బాణలి పొయ్యెక్కలేదు. వీధంతా నూనెలో వేగే గులాబి పువ్వుల వాసన కమ్ముకుంటా ఉంటే మా వంటింట్లో చారు వాసన తప్ప ఇంకోటి లేదు. ఎక్కనీయంది నేనే. మా కోడలికి ఎనిమిదో నెల. కడుపులో బిడ్డ చల్లంగా బయటపడి నా చేతికొచ్చేదాకా ఈ ఇంట్లో పండగ వంట వండను ప్రభువా అని మోకాళ్ళ మీద నిలబడి చెప్పుకున్నాను. అంతకు ముందు ఇద్దరు పోయినారు. మొదటిది మూడో నెలలో, తెలిసీ తెలియకముందే. రెండోది ఏడో నెలలో. ఆ రెండోదాన్ని మా పండగ పొయ్యే తీసుకుపోయిందని నా నమ్మకం.

ఎందుకు నమ్మినానో చెప్పాలంటే ముందు మా డిసెంబరు గురించి చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లాలో అల్లూరికి తూర్పున, సముద్రం దిక్కున ఉన్న ఊరు. సగం ఇళ్ళు మా క్రైస్తవులవి. డిసెంబరు వచ్చిందంటే చాలు, పైన తుపాను మబ్బు ఉన్నా కింద బాణలి దిగేది కాదు. గులాబి పువ్వుల అచ్చులు మా వీధికి నాలుగే ఉండేవి, అవి ఇంటింటికీ తిరిగేవి. ఇచ్చేటప్పుడు ఒకటే మాట, "సబ్బు పెట్టి తోమబాక మే, పిండి పట్టేసుకుంటాది" అని. మురుకులు, కజ్జికాయలు, అరిసెలు. కేకు మాత్రం కుక్కర్లో. గాస్కెట్టూ విజిలూ తీసేసి, అడుగున రెండు వేళ్ళ మందాన ఇసుక పోసి, దాని మీద పిండి గిన్నె పెట్టి, సన్న సెగ మీద గంటసేపు. బేకరీలో కొనుక్కోవచ్చు గదా అంటారు ఇప్పటి పిల్లలు. కొనుక్కోండి నాయనా, ఎవరొద్దన్నారు. నా కేకు ముందు ఆ క్రీము పూసిన దూది ఎందుకు పనికొస్తుంది!

ఆ ఇసుక కూడా ఊరికే ఇసుక కాదు. మా ఆయన పెళ్ళైన కొత్తలో పెన్న నుంచి తెచ్చి, జల్లించి, కడిగి, ఎండబోసి ఇచ్చినాడు. ప్రతి ఏడూ కాలీ కాలీ నల్లబడిపోయింది. ఒక పాత డబ్బాలో పోసి అటక మీద పెట్టుకునేదాన్ని. అప్పటికి ఆయన పోయి ఏడేళ్ళయినా ఆ ఇసుక మాత్రం అట్టానే ఉండింది.

మా కోడలిది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర ఊరు. వరి పండించే హిందువుల ఇంటి పిల్ల. మావాడే ఇష్టపడి చేసుకున్నాడు. వచ్చిన మొదటి ఏడాది ఇసుక డబ్బా చూసి, "అత్తమ్మా, ఇసకలో వేయించేది మరమరాలు గదా, కేకేంది?" అని ఒకటే నవ్వు. ఆ నవ్వే నాకు నచ్చింది. నచ్చిందని ఎప్పుడూ చెప్పలేదనుకోండి. కత్తి మెత్తనా అత్త మంచీ యాడా ఉండవంటారు, ఆ పేరు నిలబెట్టాలి గదా! ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ బళ్ళో పిల్లల మీద అరిచిన గొంతు నాది. రిటైరైనా గొంతు రిటైరు కాలేదు. అరుపు నాకు కోపం కాదు, అలవాటు. కాకపోతే అవతలి మనిషికి ఆ తేడా ఎట్టా తెలుస్తుందో నేను ఏనాడూ ఆలోచించలేదు.

పొయ్యెక్కని ఆ డిసెంబరుకు ముందటి ఏడాది, అంటే రెండో బిడ్డ కడుపులో ఉన్న డిసెంబరులో, ఆ పిల్ల రెండు రోజులు పొయ్యి ముందర నుంచి కదల్లేదు. ఏడో నెల కడుపుతో గులాబి పువ్వులు వేసింది, మురుకులు ఒత్తింది, కజ్జికాయలు మడిచింది. "పడుకో పోమ్మే" అంటే, "లేదత్తమ్మా, నాకు ఇక్కడే బాగుంది" అనింది. నాకు లోలోపల గర్వం. చర్చికి వచ్చే ఆడవాళ్ళకు చెప్పుకున్నాను కూడా, "పుట్టింట్లో గరిటె పట్టని పిల్ల, మా ఇంటికొచ్చి ఎట్టా తయారైందో చూడండి" అని. మొదటి రోజు సాయంత్రం అరిసెల పాకం దగ్గర నేనే కూర్చున్నాను. అరిసెల పాకం సంగతి తెలిసిన వాళ్ళకు తెలుసు. రవంత ముందు దించితే పిండి జారిపోతుంది, రవంత ఆలస్యమైతే రాయి. ఆ ఏడు తప్పిపోబోయిన పాకాన్ని ఆఖరి నిమిషంలో కాపాడుకున్నానని మరుసటి రోజంతా చెప్పుకుని తిరిగినాను.

మూడో రోజు పొద్దున ఆ పిల్ల, "అత్తమ్మా, బిడ్డ కదలడంలేదు" అనింది. నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయినాము. స్కానింగు చేసిన డాక్టరమ్మ తెర మీద నుంచి కళ్ళు తిప్పుకోలేదు చాలాసేపు. "గుండె ఆగి రెండు మూడు రోజులయ్యుంటుందమ్మా" అనింది.

రెండు మూడు రోజులు. నేను వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టినాను. సరిగ్గా పొయ్యి రాజేసిన రోజుకు వచ్చి ఆగింది. వేడికా, నిలబడినందుకా, నూనె పొగకా అని డాక్టరమ్మను అడిగినాను. "అట్టా ఏమీ ఉండదమ్మా, పొయ్యి దగ్గర నిలబడితే బిడ్డలు పోరు" అని ఆమె చెప్పింది. వినింది నా చెవి ఒకటే. నా కడుపు వినలేదు. ఆడపిల్ల. సరుగుడు తోట పక్కన మా సమాధుల దొడ్డిలో పెట్టి వచ్చినాము. పేరు పెట్టలేదు.

అందుకే ఆ మరుసటి డిసెంబరు వచ్చేసరికి నాకు పండగ పొయ్యి అంటేనే భయం పుట్టింది. గులాబి అచ్చు పక్కింటికిచ్చి, తిరిగి ఇవ్వబాకండి అన్నాను. ఇసుక డబ్బా అటక మీద నుంచి దించి వాకిట్లో కుమ్మరించేసినాను. మా ఆయన తెచ్చిన ఇసుక. కుమ్మరించినాక డబ్బా పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. ఇంట్లో బెల్లం ముక్క కూడా లేకుండా చేసినాను. పాస్టరు గారు ఇంటికొచ్చి, "దేవుడు అడగని మొక్కు నువ్వెందుకు మొక్కుతావమ్మా?" అన్నాడు. "మీ ఇంట్లో వండుకోండి సార్, నేనేమన్నా ఆపినానా?" అన్నాను. ఆయన నీళ్ళు కూడా తాగకుండా పోయినాడు.

 కోడలు సాయంత్రమయ్యేసరికి కిటికీ దగ్గర కూర్చునేది. పక్కింటి నుంచి వచ్చే వాసన పీలుస్తా, చెయ్యి కడుపు మీద వేసుకుని. చూస్తా ఉంటే నాకు ఒళ్ళు మండేది. కిటికీ మూసేసేదాన్ని. ఆ వాసన కూడా బిడ్డకు చేటు చేస్తుందేమోనని నా పిచ్చి భయం.

డాక్టరమ్మ ముందే చెప్పింది, ఈసారి తొమ్మిది పడకముందే నెల్లూరులో ఆస్పత్రి పక్కన గది తీసుకుని ఉండమని. సోమవారం పోదామనుకున్నాము. శనివారమే తుపాను వచ్చేసింది. మావాడికి రొయ్యల గుంటల కాడ పని. కరెంటు పోతే జనరేటరుతో నీళ్ళకు గాలి కొట్టే చక్రాలు తిప్పాలి, లేకపోతే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. గట్లు తెగకుండా చూసుకోవాలి. "ఒక్క రాత్రే గదా మా, పొద్దున్నే వచ్చేస్తా" అని పోయినాడు. ఆదివారం తెల్లారేసరికి ఊరికీ అల్లూరికీ మధ్య ఉన్న చప్టా మీద నడుం లోతు నీళ్ళు. వాడు అవతల, మేము ఇవతల.

కరెంటు లేదు. గాలి వసారా రేకుల్ని పట్టుకుని ఊపుతా ఉంది. వాన అడ్డంగా కొడతా ఉంది. నేను కాఫీ కలిపి తీసుకుపోయేసరికి కోడలు మంచం మీద లేచి కూర్చుని ఉంది. రెండు చేతులూ కడుపు మీద. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏందిమే?" అన్నాను.

"గమ్మున ఉండాది అత్తమ్మా" అనింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టినానో తెలీదు, తర్వాత చూస్తే బీరువా మీద ఉంది. "ఎప్పటి నుంచి?" అన్నాను. తెల్లవారుజామున ఒకసారి తిరిగింది, ఆ తర్వాత లేదు అనింది. నేను చెయ్యి పెట్టి చూసినాను. ఏమీ లేదు. నా చెయ్యే వణుకుతా ఉంటే లోపలి కదలిక ఎట్టా తెలుస్తుంది? చెవి పెట్టినాను. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.  కన్నవాళ్ళను ఎంతమందినో చూసినాను, నేనూ కన్నాను, ఆ క్షణాన ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు.

ఫోను మెట్ల మీదకెక్కితే తప్ప పలకదు. చీర కొంగు నెత్తిన వేసుకుని మేడ మెట్ల మీద నిలబడి నర్సమ్మకు చేసినాను. మా ఊరికి వచ్చే గవర్నమెంటు నర్సమ్మ, అల్లూరులో ఉంటుంది. ఏడోసారికి తగిలింది. మాట తెగతా తెగతా వచ్చింది. "భయపడబాకండి టీచరమ్మా. తీపి ఏమన్నా తినిపించండి. ఎడమ పక్కకు పడుకోబెట్టండి. రెండు గంటలు చూడండి, పదిసార్లన్నా కదలాలి. కదిలినా కదలకపోయినా చప్టా మీద నీళ్ళు తగ్గంగానే ఆస్పత్రికి తీసుకుపోండి, ఆగబాకండి. నేను ట్రాక్టరు కోసం చెప్తాను." ఆ వెంటనే మావాడికి చేసినాను. వాడు ఒక్క మాట అన్నాడు, "వస్తా ఉన్నా మా" అని. ఎట్టా వస్తాడు? ఈదుకుంటా వస్తాడా?

తీపి. ఇల్లంతా వెతికినాను. డిసెంబరు నెలలో, క్రైస్తవుల ఇంట్లో, తినడానికి తీపి ముక్క లేదు! డబ్బా అడుగున చక్కెర మాత్రం ఉంది. నీళ్ళలో కలిపి ఇచ్చినాను. రెండు గుక్కలు తాగి కక్కేసింది. మళ్ళీ ఇచ్చినాను, మళ్ళీ కక్కింది. భయానికి కడుపు పట్టడంలేదు ఆ పిల్లకు. పక్కింటికి పరిగెత్తి నాలుగు గులాబి పువ్వులు తెచ్చి ఇస్తే, పాత నూనె వాసనొస్తా ఉంది అని మొహం తిప్పుకుంది. నాకు అరవాలనిపించింది. ఆ పిల్ల మీద కాదు, గాలి మీద, చప్టా మీద, దేవుడి మీద.

అప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, కేకు చెయ్యండి" అనింది.

"నీకు మతి పోయిందామే?"

"మీరు చేస్తా ఉంటే ఆ వాసనకు నాకు నెమ్మదిగా ఉంటుంది. అదొక్కటే తినగలను. చెయ్యండి అత్తమ్మా."

 నా మొక్కు ఎదురుగా నిలబడి ఉంది. పండగ వంటకు పొయ్యి రాజేస్తే ఉన్న కాస్త ఊపిరీ నా చేత్తోనే ఆర్పినదాన్నవుతాను. రాజేయకపోతే ఈ పిల్ల తినదు. ఏది చేసినా బిడ్డ పోతే ఆ పాపం నాదే. ప్రభువా, ఎటుపోయి చచ్చేది నేను అని పైకే అనేసినాను. ప్రార్థన అంటే అదే, అంతకు మించి మాటలు రాలేదు.

ఆ పిల్ల నన్నే చూస్తా ఉంది. లేచి వంటింట్లోకి పోయినాను.

పిండి ఉంది. వాళ్ళమ్మ పంపిన నెయ్యి ఉంది, మా కోడి పెట్టిన గుడ్లు నాలుగు ఉన్నాయి, మిగిలిన చక్కెర ఉంది, చిటికెడు వంటసోడా. కుక్కరు దించినాక గుర్తొచ్చింది, ఇసుక లేదు. నేనే వాకిట్లో పోసేసినాను, అది వాన నీళ్ళలో కలిసిపోయింది. ఊళ్ళో ఎక్కడ తవ్వినా తడి ఇసుకే. నెత్తి కొట్టుకున్నాను. అప్పుడు మూలన ఉన్న కల్లుప్పు బస్తా కనబడింది. మా పక్క ఉప్పు మళ్ళకు తక్కువ లేదు, ఇంటింటా బస్తా ఉంటుంది. ఊరగాయలకని తెచ్చిన ఉప్పు, లావుపాటి రాళ్ళు. పొడిగా ఉంది. కుక్కరు అడుగున అదే పోసినాను.

కోడల్ని ఒంటరిగా వదిలి వంటింట్లో ఉండలేక పరుపు లాక్కొచ్చి గడప పక్కన వేసినాను. ఎడమ పక్కకు తిరిగి పడుకుంది, మొహం పొయ్యి వైపు. నేను గిన్నెలో గుడ్లూ చక్కెరా గిలక్కొడతా ఉన్నాను. 

పొయ్యి వెలిగించినాను. కళ్ళు మూసుకుని వెలిగించినాను, అగ్గిపుల్ల వేలికి చురుక్కుమనింది.

రెండు నిమిషాలకు కుక్కర్లో టప్‌మని పేలింది. ఇద్దరమూ ఉలిక్కిపడినాము. మళ్ళీ టప్, చిటపట, టపటపా. వేడికి కల్లుప్పు రాళ్ళు పగులుతా ఉన్నాయి. ఇసుక గమ్మున ఉంటుంది గదా, నాకు ఈ సంగతి తోచలేదు. దేవుడు కేకలేస్తా ఉన్నాడనుకున్నాను. ఆపేద్దామని చెయ్యి నాబ్ మీదకు పోయింది.

"ఆపబాకండి అత్తమ్మా" అనింది పరుపు మీద నుంచి. పెదాల మీద చిన్న నవ్వు. "మా ఇంట్లో దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేస్తే ఇట్టానే పేలుతాది. ఎంత పేలితే అంత దిష్టి పోయినట్టు."

"మాకు దిష్టి లేదు" అన్నాను అలవాటు కొద్దీ.

"సరే, మాకు ఉండాదిలే. మా వాటా పోతాది" అనింది.

ఆ కష్టంలో కూడా నాకు నవ్వొచ్చింది. నవ్వుతా నవ్వుతా ఏడ్చినాను. పిండి గిన్నె లోపల పెట్టి, మూత వేసి, సెగ తగ్గించి, ఆ పిల్ల పక్కన నేల మీద కూలబడినాను. నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. ఏమీ లేదు. గోడ గడియారం ఆగలేదు, అదొక్కటే ఇంట్లో కదులుతా ఉంది.

"నా వల్లే మే" అన్నాను. చెప్పాలనుకోలేదు, వచ్చేసింది. "పోయినేడు నిన్ను ఈ పొయ్యి ముందర రెండు రోజులు నిలబెట్టినాను. ఆ బిడ్డను నేనే చంపుకున్నాను. అందుకే ఈ ఏడు రాజేయనన్నాను."

 కుక్కర్లో ఉప్పు అప్పుడొకటి ఇప్పుడొకటి పేలుతా ఉంది.

"లేదత్తమ్మా" అనింది. "పొయ్యి రాజేయకముందే ఆగిపోయింది."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు పొద్దున లేచేసరికే కదలిక లేదు. మీరు ఇంకా పిండి జల్లిస్తా ఉన్నారు. నిద్రపోతా ఉందేమోలే అనుకున్నా. మధ్యాన్నానికీ లేదు. ఊరికే కూర్చుంటే భయంతో గుండె పగిలిపోతా ఉన్నిండె. గులాబి పువ్వులు వేస్తా ఉంటే ఒకటి విడిపోయి నూనెలో తేలేదాకా దాన్నే చూస్తా గదా, ఆ రవంతసేపు భయం తెలిసేది కాదు. అందుకే లేవలేదు. మీరు నిలబెట్టలేదు, నేనే నిలబడినా."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. గొంతు లేచింది. ఆ పూట కూడా లేచింది, ఏం చేసేది!

ఆ పిల్ల కళ్ళు పక్కకు తిప్పుకుంది. "చెప్పడానికొచ్చినా అత్తమ్మా. సాయంత్రం. మీరు అరిసెల పాకం దగ్గర ఉన్నారు. 'అత్తమ్మా, ఒక మాట' అన్నా. 'ఇప్పుడా నీ మాటలు, పాకం ముదిరిపోతా ఉంటే, పో అవతలికి' అని అరిచినారు. మళ్ళీ చెప్పాలంటే భయమేసింది."

వాన చప్పుడు వినబడటం ఆగిపోయింది నాకు. గుర్తుందా అంటే, లేదు. ఒట్టు, నాకు గుర్తు లేదు. ఆ పాకాన్ని ఎట్టా కాపాడుకున్నానో గుర్తుంది. ఎన్ని అరిసెలయినాయో, ఎవరెవరికి పంచినానో గుర్తుంది. పక్కన వచ్చి నిలబడిన పిల్ల గుర్తు లేదు. ఒక రోజు ముందు చెప్పి ఉంటే బిడ్డ బతికేదా? బతికేది కాదంట, డాక్టరమ్మ తర్వాత చెప్పింది. అది వేరే సంగతి. కడుపులో బిడ్డ చచ్చిందేమోనన్న భయం కంటే నా అరుపు భయం ఆ పిల్లకు ఎక్కువైంది. రెండు రోజులు ఒక్కతే మోసింది, నా పక్కనే నిలబడి, నా బాణలి ముందర. నేను చర్చిలో గొప్పలు చెప్పుకున్నాను.

"తప్పైపోయింది మే" అన్నాను. నా జన్మలో కోడలికి చెప్పిన మొదటి క్షమాపణ అది. ఆ పిల్ల నా వేలు నొక్కింది, అంతే.

అప్పుడే వాసన వచ్చింది. నెయ్యీ గుడ్డూ చక్కెరా కలిసి ఉడికిన వాసన. మూత తీసి చీపురు పుల్ల కడిగి గుచ్చి చూసినాను, తడి అంటలేదు. అంచున రవంత మాడింది. ఒక పక్క ఉప్పు రాయి ఎగిరి పడి అతుక్కుని ఉంది. వేడివేడిగానే ముక్క విరిచి, నోటితో ఊది, ఆ పిల్ల నోట్లో పెట్టినాను. నమిలింది. మింగింది. కక్కుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టినాను. కక్కలేదు. ఇంకో ముక్క అడిగింది. మూడు ముక్కలు తినింది.

ఆ తర్వాత చూడటమే పని.

పది నిమిషాలు. ఇరవై. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. నేను చెయ్యి తీయలేదు, తిమ్మిరెక్కినా తీయలేదు. లోపల ఒకటే మాట తిరుగుతా ఉంది, సరుగుడు తోట పక్కన ఇంకొక చోటు వద్దు ప్రభువా, ఇంకొక చోటు వద్దు. గాలికి తలుపు కొట్టుకుంటే లేచి గడియ వేయాలన్న ధ్యాస కూడా లేదు. అరగంటయింది. నా నమ్మకం అయిపోయింది, నిజం చెప్తా ఉన్నాను. ఈ పిల్లకు ఎట్టా చెప్పేది, మావాడికి ఏం చెప్పేది అని లోపల మాటలు కూర్చుకుంటా ఉన్నాను.

అరచేతి కింద ఏదో జరిగింది. చేప తోక ఆడించినట్టు, అంతే. నా చెయ్యి వణుకే అనుకున్నాను. ఆ పిల్ల కళ్ళు తెరిచింది. మళ్ళీ. ఈసారి తన్నింది, గట్టిగా, నా అరచెయ్యి పైకి లేచింది.

"ఒకటి" అనింది కోడలు.  "అత్తమ్మా, ఒకటి."

పది అయ్యేసరికి నాకు ఏడుపు ఆగలేదు. అయినా భయం పోలేదు. పది అయినాక పదకొండుకు కూర్చున్నాను, పదకొండయినాక పన్నెండుకు. మధ్యాన్నం మూడింటికి మావాడు ట్రాక్టరు ఇంజను మీద కూర్చుని ఒళ్ళంతా బురదతో వచ్చినాడు. ట్రక్కులో పరుపు వేసి, పైన పట్ట కట్టి, ఆ పిల్లను పడుకోబెట్టి చప్టా దాటించినాము. నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నాయి. నా ఒళ్ళో టిఫిన్ డబ్బా, అందులో మిగిలిన కేకు. ఆస్పత్రిలో స్కానింగు తెర మీద గుండె కొట్టుకునేది చూసేదాకా ఆ డబ్బా వదల్లేదు. డాక్టరమ్మ ఇంటికి పంపలేదు, ఉంచేసుకుంది. పద్దెనిమిది రోజులకు ఆపరేషను చేసి బిడ్డను తీసినారు. ఆడపిల్ల. ఏడ్చింది. నా గొంతే వచ్చిందన్నాడు మావాడు.

ఇప్పుడు దానికి మూడేళ్ళు నిండబోతా ఉన్నాయి. గులాబి అచ్చు మళ్ళీ మా ఇంటికొచ్చింది. కేకు మాత్రం అప్పటి నుంచీ కల్లుప్పు మీదే చేస్తా ఉన్నాను. ఉప్పు పేలినప్పుడల్లా నా మనవరాలు చప్పట్లు కొడుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ చప్పుడుకు గుండె ఒకసారి గుభేలుమంటుంది. నా నోరు బాగుపడిందని అనను. అరిచినాక గుర్తొస్తా ఉంది, అదే తేడా.

పోయిన వారం అరిసెలకని బెల్లం పాకం పట్టినాను. బుడగలు చిన్నవై, నీళ్ళలో వేస్తే ఉండ కట్టే ఘడియ. పిండి పక్కన సిద్ధంగా ఉంది, గరిటె చేతిలో ఉంది. కోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది. పైట చెంగు వేలికి చుట్టుకుంటా ఉంది.

"అత్తమ్మా, ఒక మాట" అనింది.

ఇప్పుడా అని నోటి దాకా వచ్చింది. పళ్ళు కరిచి పట్టుకున్నాను. గరిటె కింద పెట్టి, పీట జరిపి, "కూర్చో మే. చెప్పు" అన్నాను. కూర్చుంది. మళ్ళీ నెల తప్పిందంట. భయంగా ఉందంట. ఎవరికీ ఇంకా చెప్పలేదంట, మావాడికి కూడా. చెప్పడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకుని వినినాను, ఆఖరి మాట దాకా.

పాకం రాయైపోయింది. ఈ ఏడు మా ఇంట్లో అరిసెలు లేవు.